థైరాయిడ్ అంటే తలుపు మూయం కదా!

ఈ సంచికకు దేని మీద రాస్తున్నావని మన క్లబ్ గదిలో అడిగారు. "టెస్టోస్టిరాన్ తగ్గడం మీద" అన్నాను. ముగ్గురు నవ్వారు. ఒకడు లేచి పోయి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "అరేయ్, మన పత్రిక ఆడపిల్లలు గూడ చదువుతరు రా" అన్నాడు ఇంకొకడు.

థైరాయిడ్ మీద రాస్తానంటే తలుపు వేసేవాడా? ఇన్సులిన్ మీద అంటే "మా తాతకు గూడ షుగరే" అని కుర్చీ దగ్గరికి లాక్కునేవాడు. అవీ హార్మోన్లే, ఇదీ హార్మోనే. కానీ దీన్ని మనం రక్తంలో తిరిగే ఒక పదార్థంగా చూడం. 'మగతనం' అని పేరు పెట్టుకున్నాం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ పేరు వల్ల రెండు రకాలుగా నష్టపోతున్నాం. నిజంగా తక్కువున్న మన బాపులు పరీక్షకు పోవడం లేదు. ఏమీ తక్కువ లేని మనం మాత్రం సూదులు పొడిపించుకుంటున్నాం.

రెండు రకాల మనుషులూ నాకు తెలుసు. ఒకరు మా బాపు, ఇంకొకడు నా రూమ్మేట్. ఇద్దరినీ అడిగే రాస్తున్నాను.

మా బాపు సంగతి

మాది సిరిసిల్ల. బాపు 30 ఏళ్లుగా సాంచెల మీద పని చేస్తున్నాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పూటకు 12 గంటలు. అవ్వ ఇంట్లో బీడీలు చుడుతుంది. బాపు మాటకారి. చాయ్ హోటల్ ముందు నలుగురు నవ్వుతున్నారంటే మధ్యలో ఆయన ఉన్నట్టే. అలాంటి మనిషి కొన్నేళ్ల కింద మెల్లగా మారిపోయాడు. పని నుంచి వచ్చి గోడకు ఒరిగి కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. చిన్నదానికి కసురుకునేవాడు. దోస్తులు ఇంటికొచ్చి పిలిచినా కదిలేవాడు కాదు. పొట్ట పెరిగింది, చేతులు సన్నబడ్డాయి. షుగర్ అప్పటికే ఉంది కాబట్టి అన్నింటినీ దాని ఖాతాలోనే వేశాం. "పని సక్కగ దొరుకుతలేదు గదా, ఆ రంధి" అన్నారు చుట్టాలు. అదీ నిజమే అనిపించింది.

పోయిన ఏడాది వానాకాలంలో బాపు బాత్రూం దగ్గర కాలుజారాడు. పెద్దగా పడలేదు, చేయి నేలకు ఆనించాడు అంతే. మణికట్టు విరిగింది. కరీంనగర్‌లో ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి వయసెంత అని అడిగాడు. 51 అన్నాం. ఈ వయసుకు ఎముక ఇంత పలుచగా ఉండొద్దని ఇంకో పరీక్ష చేయించి, హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పంపాడు. ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలకు బాపు తల దించుకున్నాడు. నన్ను బయటికి పొమ్మని సైగ చేశాడు. "ఉండనీయండి, మీ అబ్బాయి కూడా తెలుసుకోవాల్సిన సంగతే" అంది ఆమె.

రెండు వేర్వేరు రోజుల్లో, పొద్దున 8 గంటలకు, పరగడుపున రక్తం తీశారు. డెసిలీటరుకు ఒకసారి 214 నానోగ్రాములు వచ్చింది, ఇంకోసారి 226. మామూలుగా 300 కంటే తగ్గితే తక్కువ కింద లెక్క. ఈ నీరసం, చిరాకు, మనుషులకు దూరంగా ఉండటం, భార్యాభర్తల మధ్య ఎడం, ఈ విరిగిన ఎముక, అన్నింటి వెనకా ఇది ఉండొచ్చని డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది. అప్పటిదాకా మూలకు కూర్చున్న అవ్వ ఒక్కసారి ఏడ్చింది. "నా మీద మనసు ఇరిగిందనుకున్న" అంది.

అన్నేళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుని బీడీలు చుట్టింది మా అవ్వ. అడగాల్సింది సిగ్గు ప్రశ్న కావడం వల్ల ఎవరమూ అడగలేదు. ఎముక విరిగాక గానీ మాకు ఆ ప్రశ్న ఎదురుపడలేదు.

ఒంట్లో దీని పనేంది?

మీసం, గొంతు, కోరిక. టెస్టోస్టిరాన్ గురించి మనకు తెలిసింది ఇంతే. ఎంపీసీ చదివిన మనం టెన్త్ తర్వాత బయాలజీ పుస్తకం మళ్లీ తెరవలేదు. నిజానికి ఎముక గట్టిగా ఉండటానికి, కండ నిలవడానికి, మజ్జలో ఎర్ర రక్తకణాలు తయారవడానికి, మనసు హుషారుగా ఉండటానికి కూడా ఇది కావాలి. అందుకే ఇది బాగా తగ్గిన మగవాళ్లలో రక్తహీనత, ఎముకలు పెళుసుబారడం, పొట్ట చుట్టూ కొవ్వు, దిగులు కనిపిస్తాయి. ఆడవాళ్ల ఒంట్లో కూడా ఇది కొద్ది మోతాదులో తయారవుతుంది. మగవాళ్ల ఒంట్లో కొంత టెస్టోస్టిరాన్ ఈస్ట్రోజన్‌గా మారుతుంది, మగవాడి ఎముకకు ఆ ఈస్ట్రోజన్ కూడా అవసరమే. మగ హార్మోన్, ఆడ హార్మోన్ అని మనం గీసుకున్న గీతను ఒళ్లు పట్టించుకోదు.

షుగర్‌కూ దీనికీ దగ్గరి చుట్టరికం. 2004లో అమెరికాలోని బఫెలోలో పరేష్ దండోనా బృందం టైప్ 2 షుగర్ ఉన్న 103 మంది మగవాళ్లను పరీక్షిస్తే, మూడో వంతు మందిలో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంది. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. టెస్టోస్టిరాన్ తగ్గితే కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది. కొవ్వు పెరిగితే షుగర్ మొండికేస్తుంది. ఎక్కడ మొదలైనా చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది.

నిద్ర ఇంకో సంగతి. 2011లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యంగా ఉన్న 10 మంది కుర్రాళ్లను వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చారు. పగటిపూట టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. వయసు వల్ల తగ్గేది ఏటా ఒకటి రెండు శాతమే. అంటే పదేళ్ల తరుగు వారంలో వచ్చింది. సాంచెల మీద రాత్రి పని చేసేవాళ్లు, బొగ్గు బాయిల్లో నైట్ షిఫ్ట్‌కు దిగేవాళ్లు పొట్టకూటి కోసం నిద్ర పోగొట్టుకుంటారు. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసే మనం దేనికోసం పోగొట్టుకుంటున్నామో మనమే చెప్పాలి. ఎక్కువ కాలం ఎక్కువగా తాగడం కూడా ఈ హార్మోన్‌ను తగ్గిస్తుంది. కొందరికి పెద్దయ్యాక వచ్చిన గవదబిళ్లలు వృషణాలను దెబ్బతీస్తాయి. కొందరికి పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉండొచ్చు. ఇన్ని కారణాల్లో 'మగతనం లేకపోవడం' అనే కారణం ఎక్కడుంది?

నా రూమ్మేట్ సంగతి

వాడిది ఆదిలాబాద్ వైపు పత్తి చేన్ల ఊరు. సన్నగా ఉండేవాడు. ఫస్టియర్‌లో 'పుల్ల' అని పిలిచేవాళ్లం. నేను కూడా పిలిచాను. సెకండియర్‌లో జిమ్‌లో చేరాడు. ఫోన్‌లో రోజూ అదే రీల్: పొద్దున లేవబుద్ధి కావట్లేదా, చదువు మీద ధ్యాస లేదా, అయితే నీ టెస్టోస్టిరాన్ పడిపోయింది! ఎనిమిదిన్నరకు ల్యాబ్ ఉన్న రోజు హాస్టల్లో ఎవడికి లేవబుద్ధి అయితది చెప్పండి.

వాడి భయానికి రీల్ ఒక్కటే కారణం కాదు. చిన్నప్పటి నుంచి వాళ్ల నాయినతో పాటు పత్తికి పురుగుమందు కొట్టాడు. దానివల్ల తనకేదో అయిందని లోపల గుబులు. అది ఉత్త భ్రమ అని నేననను. కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ తోటల కింది ఊరి మగపిల్లలు 117 మందిని, వేరే చోటి పిల్లలు 90 మందిని పోల్చి 2003లో ఒక అధ్యయనం వచ్చింది. మందు చల్లిన ఊరి పిల్లలకు యుక్తవయసు మార్పులు ఆలస్యమయ్యాయి, వయసుకు తగ్గ టెస్టోస్టిరాన్ లేదు. సుప్రీంకోర్టు 2011లో ఆ మందును ఆపించింది. మన పత్తి చేన్లలోనూ చల్లిన మందే అది. కాబట్టి వాడి గుబులుకు అర్థముంది. కానీ ఆ గుబులుకు జవాబు రక్తపరీక్ష. వాడికి దొరికింది సూది.

జిమ్‌లో పరిచయమైన ఒకతను 'కోర్సు' అని తెచ్చిచ్చాడు. పరీక్ష లేదు, డాక్టర్ లేడు, మందు చీటీ లేదు. 12 వారాలు పొడిపించుకున్నాడు. భుజాలు వచ్చాయి, 'పుల్ల' పేరు పోయింది. తర్వాత వీపు నిండా మొటిమలు. తర్వాత రొమ్ములు ఉబ్బి నొప్పి పెట్టాయి. ఎక్కువైన టెస్టోస్టిరాన్ ఈస్ట్రోజన్‌గా మారిందని తర్వాత తెలిసింది. భయపడి ఒక్కసారే ఆపేశాడు. ఆపాక ఇంకో కష్టం. మంచం దిగేవాడు కాదు, ఇంటర్నల్స్ రాయలేదు. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే పరీక్షల్లో హార్మోన్ అట్టడుగున ఉంది, వీర్యకణాలు సున్నా. 20 ఏళ్ల పిల్లవాడికి మా బాపు కంటే తక్కువ. లేని జబ్బుకు మందు వేసుకుని నిజం జబ్బు తెచ్చుకున్నాడు.

ఇట్లా ఎందుకయింది? కంట్రోల్ సిస్టమ్స్‌లో క్లోజ్డ్ లూప్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లందరికీ ఇది తెలిసిన లెక్కే. మెదడులోని హైపోథాలమస్, దాని కింది పిట్యూటరీ కలిసి కంట్రోలర్. వృషణాలు ప్లాంట్. పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే సిగ్నల్ పంపితే వృషణాలు టెస్టోస్టిరాన్ తయారు చేస్తాయి. ఎంత తయారైందో రక్తం ద్వారా మళ్లీ మెదడుకు తెలుస్తుంది. చాలితే సిగ్నల్ తగ్గుతుంది, చాలకపోతే పెరుగుతుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. ఇప్పుడు బయటి నుంచి సూదితో పోస్తే ఏమవుతుంది? అవుట్‌పుట్ మస్తుగా ఉందనుకుని కంట్రోలర్ సిగ్నల్ ఆపేస్తుంది. ప్లాంట్ మూతపడుతుంది, కుంచించుకుపోతుంది. వీర్యకణాలు తయారవడానికి వృషణాల లోపల ఉండాల్సిన టెస్టోస్టిరాన్ ఉండదు. సూది ఆపేసిన నాడు బయటిదీ ఉండదు, లోపలిదీ ఉండదు.

ఇది ఎంత ఖాయమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ల కుటుంబ నియంత్రణ పద్ధతిగా పరీక్షించింది. 1990లో వచ్చిన ఆ ఫలితాల్లో, వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ సూది వేయించుకున్న 271 మందిలో 157 మందికి వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. ఆపాక మళ్లీ వచ్చాయి, కానీ నెలలు పట్టింది. మన జిమ్ములో మగతనం పేరుతో అమ్ముతున్నది పిల్లలు పుట్టకుండా ఆపే మందన్నమాట. నా రూమ్మేట్‌కు ఏడు నెలలకు లెక్క మళ్లీ పైకి రావడం మొదలైంది. ఆ ఏడు నెలలు వాడు ఎట్లా గడిపాడో పక్క మంచం మీద ఉన్న నాకు తెలుసు.

గోడల మీద రాతలు

ఈ వ్యాపారం కొత్తది కాదు. 1889లో బ్రౌన్ సెకార్ద్ అనే పేరున్న శాస్త్రవేత్త 72 ఏళ్ల వయసులో కుక్కల, గినీ పందుల వృషణాల రసం సూదితో ఎక్కించుకుని, పడుచుదనం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. అలా తీసిన రసంలో హార్మోన్ ఉండీ లేనంతే అని తర్వాత తేలింది. అసలు టెస్టోస్టిరాన్‌ను వేరు చేసి, ప్రయోగశాలలో తయారు చేసింది 1935లో. ఆ తయారీ చేసిన బుటెనాంట్, రుజిచ్కాలకు 1939 రసాయన నోబెల్ వచ్చింది.

మన బస్టాండ్ల పక్క గోడలు మాత్రం ఇంకా 1889లోనే ఉన్నాయి. 'నరాల బలహీనత', 'గుప్త రోగాలు', 'పెళ్లికి ముందు, పెళ్లికి తర్వాత'. ఆ నరాలకూ నిజమైన నరాలకూ సంబంధం లేదు, నోటితో చెప్పుకోలేనిదానికి పెట్టుకున్న ముసుగు పేరది. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. 70 ఏళ్లు దాటినా గోడలు ఖాళీ కాలేదు. ఇప్పుడు ఫోన్లలోకి కూడా వచ్చాయి. మనం తలుపు మూసుకున్నన్ని రోజులు ఆ గోడే మనకు డాక్టర్.

ఈ సిగ్గు భారం మోసేది మగవాళ్లే అనుకుంటే తప్పు. మన ఊళ్లలో పిల్లలు కాకపోతే ముందు కోడల్నే ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు. భర్త దుబాయ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చి పోతాడు, స్కానింగులు, మొక్కులు, మాటలు ఆమెకు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అన్నిటికంటే సులువైన పరీక్ష కూడా మగవాడిదే. అయినా అది చివరికి చేస్తారు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతీ ఇదే. మగవాడికి ఆపరేషన్ చేస్తే బరువు ఎత్తలేడు, మగతనం పోతుందని భయం. ఆ ఆపరేషన్‌లో కట్టేసేది వీర్యకణాలు పోయే సన్నటి గొట్టాన్ని. టెస్టోస్టిరాన్ ఆ గొట్టంలో పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. అది తగ్గదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ల ఆపరేషన్లు 37.9 శాతం, మగవాళ్లవి 0.3 శాతం. ఉత్తర తెలంగాణలో మగవాళ్లు చేయించుకోవడం దేశ సగటు కంటే ఎక్కువే. మా తాత చేయించుకున్నాడు. ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు మగ్గం నేశాడు.

అట్లని అందరూ పరీక్షలకు ఉరకాలా?

లేదు. "ఇదంతా మందుల కంపెనీల ప్రచారం" అనేవాళ్ల మాటలో సగం నిజముంది. 2010లో వచ్చిన యూరప్ అధ్యయనం ప్రకారం 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లలో లక్షణాలూ, తక్కువ హార్మోనూ రెండూ కలిసి ఉన్నవాళ్లు 2 శాతమే. అందుకే నీరసంగా ఉందని ఏ సాయంత్రమో ల్యాబుకు పోయి ఒక్క పరీక్షతో తేల్చుకోవద్దు. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ. పొద్దున, పరగడుపున, రెండుసార్లు చూడాలి. లక్షణాలు కూడా ఉండాలి. తక్కువని తేలితే ఎందుకు తక్కువో వెతకాలి.

నిజంగా అవసరమైనవాళ్లకు చికిత్స పనిచేస్తుంది. 2023లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనంలో గుండెజబ్బు ఉన్న, లేదా ముప్పు ఎక్కువున్న 5,000 మందికి పైగా మగవాళ్లకు టెస్టోస్టిరాన్ గానీ ఉత్తుత్తి మందు గానీ ఇచ్చి చూశారు. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగా కనిపించాయి. అంటే విషం కాదు, ప్రోటీన్ పొడి కూడా కాదు. డాక్టర్ కనిపెట్టి చూస్తూ ఇవ్వాల్సిన మందు.

మా బాపుకు డాక్టరమ్మ వెంటనే సూది రాయలేదు. ముందు షుగర్ అదుపులోకి రావాలంది, రాత్రి పని మానాలంది, ఎముకలకు మందులు రాసింది. రాత్రి పని మానితే కూలి తగ్గుతుంది. అవ్వ రెండు రోజులు లెక్కలు వేసి "నడుస్తది తియ్" అంది. ఎనిమిది నెలల్లో బరువు 92 నుంచి 83 కిలోలకు వచ్చింది, హార్మోన్ 318కి. మనిషి పాతికేళ్లవాడేం కాలేదు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆగుతాడు. కానీ సంక్రాంతికి నేను పోయిన రోజు ఇంట్లో లేడు. చాయ్ హోటల్ దగ్గర ఉన్నాడు.

మన కాలేజీలో ఏటా హెల్త్ క్యాంప్ పెట్టి బీపీ, రక్తం గ్రూపు చూసి పంపిస్తారు. ఈసారి ఒక హార్మోన్ల డాక్టర్‌ను పిలవమని మనమే అడుగుదాం, అబ్బాయిలు, అమ్మాయిలు కలిసే కూర్చుందాం. జిమ్‌లో ఎవడన్నా సూది ఇస్తానంటే మందు చీటీ చూపించమనండి. సన్నగా ఉన్నవాణ్ని పుల్ల అనడం మానేద్దాం, నాతో సహా. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ బాపు ఊరికే గోడకు ఒరిగి కూర్చుంటే, షుగర్ ఎంతుంది అని అడిగినట్టే ఈ సంగతీ అడగండి. మొదటిసారి నోరు రాదు. నాకూ రాలేదు.

ఈ వ్యాసం రాస్తానని ఫోన్ చేస్తే బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పేరు రాయకు. ఊరు రాయి. సాంచెల మీద నా అసొంటోళ్లు మస్తుమంది ఉన్నరు."